ఎవరూ అడగలేదు: బల్లకు నిలిపేసిన ఒక విశ్వాసి కేసు

నేను ప్రకాశం జిల్లాలో, గుండ్లకమ్మకు దగ్గర్లో ఉన్న ఒక పల్లె సంఘానికి కాపరిని. బాప్టిస్టు సంఘం, తొంభై దాకా కుటుంబాలు. సంఘం పనితో పాటు చుట్టుపక్కల ఊళ్ల కుటుంబాలకు కౌన్సెలింగ్ కూడా చేస్తుంటాను. ఈ కేసు తోటి కాపరుల కోసం, సంఘ పెద్దల కోసం రాస్తున్నాను. ఆ విశ్వాసి కుటుంబం ముందుగా చదివింది, రాయమని ఆయనే అన్నారు. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. జరిగిన వరస మాత్రం మార్చలేదు. నేను చేసిన తప్పును తగ్గించి రాయలేదు.

మేస్త్రీ

యాభై దాటిన తాపీ మేస్త్రీ ఆయన. ఒకప్పుడు బాగా తాగేవారు. ఎనిమిదేళ్ల క్రితం ఎవరి సాయం లేకుండా, ఒక్కసారిగా మానేశారు. మానేసిన రెండో రోజే ఫిట్స్ వచ్చాయి. (ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవాళ్లు ఒక్క రోజులో ఆపేస్తే ప్రాణానికే ముప్పు రావచ్చు. కూటాల్లో సీసాలు పగలగొట్టించే మనం, ఆ మర్నాడే వాళ్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.) తాగుడు మానేసి నెలలు గడిచాక కూడా మరో రెండుసార్లు ఫిట్స్ రావడంతో డాక్టరు ఫెనిటాయిన్ మాత్రలు రాశారు. రోజుకు మూడు, ఒక్కోటి 100 మిల్లీగ్రాములు.

ఆరేళ్ల క్రితం గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజు సాక్ష్యంలో తాగుడు ఎలా మానేశారో అంతా చెప్పారు. ఫిట్స్ సంగతి మాత్రం చెప్పలేదు. ఇంట్లో భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. కూతురికి కూడా తెలియదు. ఆదివారం అందరికంటే ముందు వచ్చి మందిరం ఊడ్చి, పట్టాలు పరిచి, గంట కొట్టేది ఆయనే.

పరంజా ఎక్కే పనులు మానేసి గచ్చు పనులే ఒప్పుకుంటున్నారని నాకు తెలుసు. వయసు వల్ల అనుకున్నాను. ఎందుకని అడగలేదు.

మార్చి మొదటి ఆదివారం

మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసు మరణాన్ని గుర్తుచేసుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. ఆ రోజు మేస్త్రీ ముందుకు వస్తూ తూలారు. పక్కనున్న బెంచీ పట్టుకోబోయి ద్రాక్షరసం గిన్నెల ట్రే మీద పడ్డారు. తెల్లటి గుడ్డ మీద రసం ఒలికింది. చిన్న గిన్నెలు దొర్లుకుంటూ స్త్రీల వైపు దాకా పోయాయి. ఆయన ఏదో అనబోయారు, మాట ముద్దగా వచ్చింది. ఒక యువకుడు ఆయన్ని లేపి బయటికి తీసుకెళ్లాడు.

అప్పటికి రెండు వారాలుగా ఊళ్లో మాట నడుస్తూనే ఉంది. కల్వర్టు దగ్గర సైకిల్ మీద నుంచి పడ్డాడని ఒకరు, పని దగ్గర మాట తడబడుతోందని ఒకరు, వాసన కూడా వస్తోందని మరొకరు. బల్ల దగ్గర పడ్డాక ఇక అనుమానమే లేకుండా పోయింది.

ఆ సాయంత్రం పెద్దల కమిటీ కూర్చుంది. మినిట్స్ రాసే పెద్దాయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. అచ్చు వేసినట్టు ఉంటుంది చేతిరాత. ఆయనే మొదటి కొరింథీయులకు 5వ అధ్యాయం తీసి చదివారు. సహోదరుడనబడినవాడు త్రాగుబోతైతే అట్టివానితో భోజనం కూడా చేయవద్దని పౌలు రాసిన మాటలు, చివర్లో "ఆ దుర్మార్గుని మీలోనుండి వెలివేయుడి" అన్న మాట. అందరూ తలలు ఊపారు. నేనూ ఊపాను. ఇరవై నిమిషాల్లో మీటింగ్ అయిపోయింది. "తాగుడు కారణంగా మూడు నెలలు బల్లకు నిలిపివేత" అని రాశారు. కింద మొదటి సంతకం నాది.

మేస్త్రీని పిలవలేదు. ఆయన బావమరిది చేత కబురు పంపాం. "అలాగే" అన్నాడని బావమరిది వచ్చి చెప్పాడు. ఆ "అలాగే"ని మేము తప్పు ఒప్పుకున్నట్టుగా లెక్కేసుకున్నాం.

ఆ తర్వాతి ఆదివారం ఎఫెసీయులకు 5:18 మీద వాక్యం చెప్పాను, మద్యంతో మత్తులు కావద్దన్న మాట మీద. పేరు ఎత్తలేదు. కానీ చెబుతూ చెబుతూ నా కళ్లు ఆయన వైపు పోయాయి. నా కళ్లతో పాటు అందరి తలలూ వెనక్కి తిరిగాయి. వాక్యాన్ని పులిపీఠం (ప్రసంగ వేదిక) మీద నుంచి ఒక మనిషి మీదికి విసరడం అంటే ఏమిటో ఆ రోజు నేను చేసి చూపించాను.

ఆయన రావడం మానలేదు. గుమ్మం పక్కన, చెప్పులు విడిచే చోటికి దగ్గర్లో కూర్చునేవారు. గంట కొట్టే పని ఎవరూ వద్దనకపోయినా ఆయనే వదిలేశారు. కూతురు పాటల బృందం నుంచి తప్పుకుంది. భార్య స్త్రీల కూటానికి రావడం తగ్గించింది. అదంతా నాకు కనిపిస్తూనే ఉంది. సిగ్గుపడుతున్నారులే, మారుమనస్సుకు మంచిదే అని సర్దుకున్నాను.

జేబులో ఉత్తరం

మే నెల చివరికి ఆయన పరిస్థితి ఇంకా దిగజారింది. నడుస్తుంటే రెండు కాళ్లూ ఎడంగా వేసి, గోడ తడుముకుంటూ నడిచేవారు. గడువిచ్చినా మారలేదని కమిటీ మళ్లీ కూర్చుని, సంఘం రిజిస్టరు నుంచి పేరు తీసేయాలని నిర్ణయించింది. ఉత్తరం ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకునే పని నాకు అప్పగించారు.

పనికి తొందరగా వెళ్తారని తెల్లవారుజామున ఐదున్నరకే వెళ్లాను. ఆయన భార్య కళ్లాపి చల్లుతోంది. నన్ను చూసి చేతిలో చెంబు పక్కన పెట్టి, "వందనాలయ్యగారూ" అని లోపలికి వెళ్లి ఆయన్ని లేపింది. నిద్ర లేచి, ముఖం కూడా కడుక్కోకుండా నా ఎదురుగా వచ్చి కూర్చోబోయి మంచం కోడు తగిలి తూలారు. నేనే పట్టుకున్నాను. నా ముఖానికి ఆయన ముఖం జానెడు దూరంలో ఉంది. నిద్ర వాసన తప్ప ఇంకేమీ లేదు. కళ్లు మాత్రం నిలకడగా లేవు, అటూ ఇటూ సన్నగా అదురుతున్నాయి.

ఊళ్లో ఇంకా కోడి కూత ఆగలేదు. ఏ షాపూ తెరవలేదు. మనిషి అప్పుడే నిద్ర లేచాడు. ఉత్తరం నా చొక్కా జేబులోనే ఉంది.

"అన్నా, ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అన్నాను.

సంఘం తరఫున ఆయన్ని ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న అది. మార్చి నుంచి జూన్ దాకా మేము ఆయన గురించి మాట్లాడాం, ఆయన కోసం ప్రార్థన చేశాం, ఆయన మీద తీర్మానాలు రాశాం. ఆయనతో మాత్రం మాట్లాడలేదు.

జవాబు ఆయన చెప్పలేదు. ఆవిడ చెప్పింది. లోపలి నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ముందు కుమ్మరించింది. అందులో రెండు రకాల మాత్రలున్నాయి. ఆ రోజే ఒంగోలులో ఒక నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన రెండు స్ట్రిప్పులూ పక్కపక్కన పెట్టి చూపించారు. పేర్లు వేరు, కంపెనీలు వేరు, లోపలి మందు ఒక్కటే: ఫెనిటాయిన్. పాత డాక్టరు రాసిన మూడు వేసుకుంటూనే, జనవరిలో ఇంకో చోట రాయించుకున్న కొత్త మాత్ర రాత్రిపూట ఒకటి అదనంగా వేసుకుంటున్నారు. కొత్తవి కూడా రోజుకు మూడని రాశారు గానీ, డబ్బు సరిపోక ఒక్కటే వేసుకున్నారు. పేదరికం ఆ రకంగా ప్రాణం కాపాడింది.

ఒక్క మాత్రకే ఇంత తేడానా అని అడిగాను. ఈ మందు ఒక మోతాదు వరకు ఒంట్లో సరిగ్గా ఖర్చవుతుంది, ఆ గీత దాటాక కొంచెం పెంచినా రక్తంలో చాలా పెరిగిపోతుంది అని డాక్టరు వివరించారు. రక్తంలో 10 నుంచి 20 మధ్య ఉండాల్సింది ఆయనకు 34 ఉంది. తూలడం, మాట ముద్దగా రావడం, కళ్లు అదరడం, అన్నీ దాని లక్షణాలే. చూసేవాళ్లకి అచ్చం తాగినట్టే ఉంటుంది అన్నారు డాక్టరు. మోతాదు సరిచేసిన రెండు వారాలకు మేస్త్రీ తిన్నగా నడిచారు.

ఎందుకు చెప్పలేదు

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాను. "అన్నా, ఒక్క మాట చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు కదా?"

చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత అన్నారు: "తాగుబోతన్న పేరు నాకు అలవాటే అయ్యగారూ. ఫిట్స్ అని తెలిస్తే పిల్ల సంబంధం పోద్ది. పైగా దయ్యం అంటారు."

ఈ జవాబు దగ్గర ప్రతి కాపరీ ఆగాలని నా కోరిక. మన మధ్య ఉన్న ఒక మనిషి తన మీద రాగల రెండు తీర్పుల్ని పక్కపక్కన పెట్టుకుని, వాటిలో తక్కువ నష్టం చేసేదాన్ని ఎంచుకున్నాడు. మేము వేసిన నింద ఆయనకు ఒక చాటు అయింది. దాని వెనక అసలు జబ్బును దాచుకున్నాడు. దయ్యం అంటారన్న ఆ భయం ఆయన ఊహించుకున్నది కాదు. మత్తయి 17లో చాంద్రరోగి అయిన కుమారుణ్ణి తండ్రి యేసు దగ్గరికి తీసుకొస్తే ఆయన దయ్యాన్ని వెళ్లగొట్టిన భాగాన్ని, మూర్ఛ వచ్చిన ప్రతి మనిషికీ అంటగట్టి చెప్పిన ప్రసంగాలు మా ప్రాంతపు కూటాల్లో నేను విన్నాను. అలాంటి కూటాల్లో ఈయన కూడా కూర్చుని ఉంటారు. తలవంచుకుని విని ఉంటారు.

సాక్షుల్ని అడిగాను

ఆ వారమంతా నేను చేయాల్సిన పని మార్చిలో చేయాల్సిన పనే. ఎవరెవరు ఏం చూశారో ఒక్కొక్కరి ఇంటికి వెళ్లి అడిగాను. ద్వితీయోపదేశకాండం 19వ అధ్యాయం ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీదనే సంగతి స్థిరపరచమంటుంది, న్యాయాధిపతులు బాగా విచారించాలంటుంది. మేము సాక్షుల సంఖ్య చూసుకున్నాం, విచారణ వదిలేశాం.

వాసన వచ్చిందన్న పెద్దల్లో ఒకరు "అందరూ అంటున్నారు కదా అయ్యగారూ" అన్నారు. ఆ అందరిలో ఇంకొకరు మొదటాయన పేరే చెప్పారు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు విన్నారు తప్ప వాసన ఇద్దరికీ తెలియదు. మార్చిలో ఆయన్ని లేపి బయటికి తీసుకెళ్లిన యువకుణ్ణి అడిగాను. "లేపింది నేనే కదయ్యగారూ. కొబ్బరినూనె వాసన తప్ప ఏమీ రాలేదు. నన్నెవరూ అడగలేదు" అన్నాడు.

అతను ఆ సాయంత్రం మీటింగ్ జరుగుతున్నప్పుడు బయట పట్టాలు చుడుతూ ఉన్నాడు. పది అడుగుల దూరంలో ఉన్నాడు.

కానీ కుళాయి దగ్గర ఒక అక్క చెప్పిన మాట వేరు. "నాకు వచ్చింది. నేను అబద్ధం చెప్పలేదు. సంక్రాంతికి ముందు, వాళ్ల అన్న పోయిన రాత్రి." ఆమె అన్నది మార్చి గురించి కాదు, జనవరి గురించి. మాట చేతులు మారుతూ మార్చికి చేరింది. ఆ సంగతి ఏమిటో తేల్చుకోకుండా నేను మేస్త్రీ ఇంటికి వెళ్లాను. "అన్నా, మేము మీ పట్ల తప్పు చేశాం. వచ్చే ఆదివారం సంఘం ముందు మీరు నిర్దోషి అని చెబుతాను" అన్నాను.

ఆయన వెంటనే అన్నారు: "నిర్దోషినని చెప్పకండయ్యగారూ. జనవరిలో ఒక్క రాత్రి తాగాను."

అన్న శవం దగ్గర పాత స్నేహితులు పోశారు. ఆరేళ్లలో మొదటిసారి తాగారు. తెల్లారి ఫిట్స్ వచ్చింది. ఊళ్లో డాక్టరుకు తెలిస్తే బయటపడుతుందని ఇంకో ఊరు వెళ్లి, పాత చీటీ చూపించకుండా మాత్రలు రాయించుకున్నారు. అలా రెండు మందులు కలిశాయి.

అంటే మొదట్లో నిజంగానే ఒక పాపం ఉంది. మా పెద్దాయన తర్వాత ఇదే మాట అన్నారు: "చూశారా, మూలం తాగుడే." ఆ మాటలో నిజం ఉంది, కాదనలేను. కానీ ఆ పాపాన్ని మా తీర్పు పట్టుకోలేదు. మూడు నెలల శిక్షలో బయటపడని సంగతి, శిక్ష తీసేస్తామని చెప్పిన అర నిమిషంలో బయటికి వచ్చింది. అడిగేవాడు కూడా లేకుండా వచ్చింది.

వాక్యాన్ని మళ్లీ చదివినప్పుడు

"మీరు తీర్పు తీర్చకుడి, అప్పుడు మిమ్మును గూర్చి తీర్పు తీర్చబడదు" అన్న మత్తయి 7:1 మా ఊళ్లో చదువురానివాళ్లకు కూడా వచ్చు. ఎక్కువగా ఎవరైనా మందలిస్తే నోరు మూయించడానికి వాడతారు. పెద్దలు ఆ వచనం అంటే చిరాకు పడేది అందుకే. "అయితే సంఘంలో ఎవడేం చేసినా ఊరుకోవాలా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే.

యేసు అక్కడ ఆగిపోలేదు. ముందు నీ కంట్లోని దూలం తీసేసుకో, అప్పుడు నీ సహోదరుని కంట్లోని నలుసు తీయడానికి తేటగా చూడగలవు అన్నారు. నలుసు తీయాల్సిందే. ఎలా తీయాలన్నదే మాట. మన ఇళ్లలో కంట్లో నలుసు పడితే అమ్మ ఏం చేస్తుంది? పిల్లవాణ్ణి దగ్గరికి లాక్కుని, పైట కొంగు ఉండచుట్టి, నోటితో వెచ్చగా ఊది, కంటికి అద్దుతుంది. "ఏడవకు, రెప్ప ఆర్పకు" అంటుంది. ఆ పని వీధి అవతల నిలబడి చేయలేరు. బావమరిది చేత కబురు పంపి చేయలేరు. మత్తయి 18లో సహోదరుడు తప్పు చేస్తే ముందు నువ్వూ అతనూ ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడమని చెప్పింది కూడా ఈ దగ్గరితనం గురించే అని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. మేము మొదటి మెట్టు, రెండో మెట్టు ఎక్కకుండానే చివరి మెట్టు మీద నిలబడ్డాం.

పెద్దాయన చదివిన 1 కొరింథీ 5వ అధ్యాయాన్ని కొట్టిపారేయలేం. సంఘానికి క్రమశిక్షణ కావాలి. కానీ కొరింథులో జరిగింది (ఒకడు తన తండ్రి భార్యను ఉంచుకోవడం) అందరికీ తెలిసిన సంగతి, చేసినవాడు దాచుకోలేదు, సంఘం దాని గురించి ఉప్పొంగిపోతోంది కూడా. మా దగ్గర తెలిసింది ఒక్కటే, ఒక మనిషి తూలుతున్నాడని. మిగతాదంతా మేము కలుపుకున్నాం. అదే పత్రికలో 11వ అధ్యాయం, బల్ల దగ్గర మేము ప్రతి నెలా చదివేదే, "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" అంటుంది. పక్కవాణ్ణి పరీక్షించమని లేదు.

తాగకపోయినా తాగినట్టు అనిపించుకున్నవాళ్లు బైబిల్లో మరికొందరున్నారు. పెంతెకొస్తు రోజున శిష్యుల్ని చూసి కొత్త మద్యంతో నిండి ఉన్నారని ఎగతాళి చేశారు. పేతురు ఇచ్చిన మొదటి జవాబు పొద్దు ఎంతైందో చూడమని. ఐదున్నరకు ఆ ఇంటి ముందు నాకు అందిన సాక్ష్యం కూడా అదే.

ఇంకొకరు హన్నా. షిలోహు మందిరంలో పెదవులు కదులుతూ గొంతు వినిపించకుండా ఏడుస్తూ ప్రార్థన చేస్తుంటే, యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. ఏలీని తప్పుపడుతూ నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. ఈ కేసు తర్వాత ఆ అధ్యాయం చదివితే నాకు వేరే సంగతి కనిపించింది. ఏలీ తన అనుమానాన్ని హన్నా ముఖం మీదే అన్నాడు. అందుకే ఆమె "కాదు, నా యేలినవాడా" అని జవాబు చెప్పగలిగింది. విన్న వెంటనే ఆయన మాట మార్చుకుని ఆశీర్వదించాడు. మేము ఏలీ చేసినంత కూడా చేయలేదు.

సంఘం ముందు

ఇక్కడ ఒక పెద్ద చిక్కు వచ్చింది. ఆయన పేరు నిలబెట్టాలి, కానీ ఫిట్స్ సంగతి బయట పెట్టకూడదు. ఆ రహస్యం ఆయనది, నాది కాదు. శనివారం రాత్రి నేను రాసుకున్న వాక్యం నా భార్యకు చదివి వినిపించాను: "మందు ఎక్కువవడం వల్ల అలా తూలారు." ఆవిడ వెంటనే, "ఆ మాట అన్నారంటే అందరూ ఏ మందు అనుకుంటారండీ?" అంది. కొట్టేసి "మాత్రలు" అని రాశాను. మన భాషలో ఆ రెండు సంగతులకూ ఒకటే మాట ఉందని అంతకుముందు ఎన్నడూ అంత భయంగా గుర్తు రాలేదు.

ఆదివారం పులిపీఠం దిగి, కింద నిలబడి చెప్పాను. డాక్టరు రాసిన మాత్రలు రెండు చోట్ల నుంచి కలిసి ఎక్కువయ్యాయి, అందుకే తూలారు. ఏ జబ్బు, ఏ మాత్రలు అని ఎవరూ అడగొద్దు. ఆ రోజు ఆయన తాగలేదు. మేము అడగకుండా శిక్ష వేశాం, మొదటి సంతకం నాది, వాక్యం చెబుతూ ఆయన వైపు చూసింది నేను, నన్ను క్షమించమని అడుగుతున్నాను. జనవరి సంగతి నేను చెప్పలేదు. దాన్ని ఆయన పెద్దల ముందు తనంతట తానే చెప్పుకుని ప్రార్థన చేయమన్నారు, చేశాం. గలతీయులకు 6:1 ప్రకారం సాత్వికమైన మనస్సుతో చేయాల్సినంత మాత్రమే. శిక్ష ఏమీ వేయలేదు. మూడు నెలలు ముందే అనుభవించాడని ఒక పెద్ద అన్నారు, ఎవరూ కాదనలేదు.

ఆ కూటంలోనే ఒకరు అడిగారు: "మరి మనం మనుషుల లోపల ఏముందో ఎలా తెలుసుకోవాలి అయ్యగారూ?" మా ప్రాంతపు చరిత్రే గుర్తుచేశాను. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించారు. బాప్తిస్మం కావాలని గుంపులు గుంపులుగా వచ్చారు. ఎవరు అన్నం కోసం వస్తున్నారో, ఎవరు విశ్వాసంతో వస్తున్నారో ఆయన తేల్చలేరు. తేల్చినట్టు నటించలేదు కూడా. సాయం నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపి, ఆ పని ముగిశాక మొదలుపెట్టారు. 1878 జూలై 3న ఇదే గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె మాకందరికీ నోటికి వచ్చు. ఆ అంకె వెనక, తెలియని చోట తీర్పు బదులు సమయం ఇచ్చిన ఒక మనిషి ఉన్నాడని మాత్రం మేము మాట్లాడుకోలేదు.

పెద్దాయన

నేను ఊహించనిది తర్వాత మొదలైంది. సంఘం పెద్దాయన మీదికి తిరిగింది. యువకులు కొందరు ఆయన చేతి నుంచి రొట్టె తీసుకోబోమన్నారు. "పరిసయ్యుడు" (పైకి భక్తి చూపేవాడు) అన్న మాట నా చెవినే పడింది. సంతకాలు పెట్టిన మిగతావాళ్లు మెల్లగా వెనక్కి జరిగి, అంతా ఆయనే చేసినట్టు మాట్లాడారు. నా మనసులో కూడా ఆయన మీద కోపం ఉంది. నా సంతకం ఆయన సంతకానికి పైన ఉందని తెలిసి కూడా ఉంది. కొత్త తీర్పు తయారవుతోంది, ఈసారి కూడా అడగకుండానే.

ఆయన రెండు ఆదివారాలు రాలేదు. వెళ్లి కూర్చున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు: వాళ్ల నాన్న తాగుడుకి ఉన్న ఎకరం అమ్మేశాడు. ఈయన పదేళ్ల వయసులో, రాత్రిళ్లు సారా దుకాణం దగ్గర పడి ఉన్న నాన్నని భుజం మీద వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. "ఆ నడక చూస్తే నాకు ఇంకేం కనపడదయ్యగారూ. ఆ రోజు గుళ్లో నేను మేస్త్రీని చూడలేదు." పదిహేనేళ్లు ఆయనతో కమిటీలో కూర్చున్నాను. ఈ సంగతి కూడా నేను అడిగి తెలుసుకున్నది కాదు.

కౌన్సెలింగ్ చేసేవాడిగా నా అభిప్రాయం: కఠినంగా తీర్పు తీర్చే మనిషి చాలాసార్లు తన పాత గాయాన్ని కాపలా కాస్తుంటాడు. దాని వల్ల తప్పు ఒప్పైపోదు. కానీ యేసు దూలం అన్నది ఎదుటివాడి పాపం కంటే పెద్ద పాపాన్నే కానక్కర్లేదు. చూపుకు అడ్డం పడేది ఏదైనా దూలమే. ఆయన కంటికి నాన్న అడ్డుపడ్డాడు. నా కంటికి మంచి కాపరి అన్న పేరు అడ్డుపడింది, పెద్దలు నన్ను మెత్తనివాడు అనుకుంటారేమోనన్న టెన్షన్ అడ్డుపడింది.

యువకులతో రెండుసార్లు కూర్చున్నాను. రోమీయులకు 14:4, "పరుని సేవకునికి తీర్పు తీర్చుటకు నీవెవడవు?" అన్నది చదివాం. పెద్దగా పని చేసినట్టు అనిపించలేదు. పని చేసింది మేస్త్రీ వెళ్లడం. ఒక సాయంత్రం తనంతట తాను పెద్దాయన అరుగు మీదికి వెళ్లి కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "ఏమీ లేదయ్యగారూ, టీ తాగాం. వాళ్ల వంటింట్లో గచ్చు పగిలింది, వేసిస్తానన్నాను" అన్నారు. నాలుగు రోజులు ఆ ఇంట్లో పని చేశారు. యువకులు దారిన పోతూ చూశారు.

ఇప్పటి వరకు

ఇది జరిగి ఏడాదిన్నర. మేస్త్రీ ఒకే డాక్టరు దగ్గర చూపించుకుంటున్నారు. మళ్లీ తాగలేదు, ఫిట్స్ కూడా రాలేదు. గంట మళ్లీ ఆయనే కొడుతున్నారు. కూతురికి వచ్చిన మొదటి సంబంధం వాళ్లకు జబ్బు సంగతి దాచకుండా చెప్పారు, వాళ్లు వద్దన్నారు. రెండోసారి కూడా చెప్పారు. పెళ్లి అయింది. అమ్మాయి పాటల బృందంలోకి మాత్రం తిరిగి రాలేదు. పెళ్లయ్యే దాకా వెనక వరసలోనే కూర్చుంది. ఆ అమ్మాయి విషయంలో మేము ఆలస్యం చేశాం. ఇప్పుడు ఊరు మారింది, ఎప్పుడైనా వస్తే పలకరిస్తుంది.

కమిటీలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరి మీదైనా మాట వస్తే, ఆ మనిషితో ఒంటరిగా కూర్చుని మాట్లాడినవాడు తప్ప ఇంకెవరూ ఆ సంగతి మీటింగ్‌లో ఎత్తకూడదు. దీని వల్ల సగం ఫిర్యాదులు మీటింగ్ దాకా రావడం లేదు. కొన్ని నిజంగా చూడాల్సినవి కూడా రాకుండా పోతున్నాయేమో అన్న భయం నాకు ఉంది. ఇంట్లో కొట్టే భర్త సంగతి లాంటివి ఈ పద్ధతికి లొంగవు. వాటికి ఒంటరిగా మాట్లాడమని చెప్పడం ప్రమాదం, ముందు ఆ ఆడమనిషికి రక్షణ చూడాలి. దాన్ని వేరుగా రాసుకున్నాం.

మినిట్స్ పుస్తకంలో మార్చి తీర్మానాన్ని కొట్టేయాలా అని చర్చ వచ్చింది. కొట్టేయొద్దు, మేము చేసింది కనపడాలి అన్నారు పెద్దాయన. దాని కిందే తన చేతిరాతతో, అదే అచ్చు లాంటి అక్షరాలతో రాశారు: "విచారణ చేయకుండా పై తీర్మానం చేసినందుకు సహోదరుని క్షమాపణ కోరి, ఆయన క్షమించగా, రద్దు చేయడమైనది." సంతకాలు పాత వరసలోనే పెట్టాం.

రొట్టె పంచే పనికి మాత్రం ఆయన తిరిగి ఒప్పుకోవడం లేదు. ప్రతి నెలా అడుగుతున్నాను. "ఇంకా వద్దులే అయ్యగారూ" అంటారు. కిందటి నెల అడిగింది నేను కాదు, మేస్త్రీ. గంట కొట్టి వచ్చి, ఆయన పక్కన నిలబడి, "ఇయ్యాల మీరు పంచకూడదా అన్నా?" అన్నారు. పెద్దాయన మాట్లాడలేదు, తల అడ్డంగా కూడా ఊపలేదు. వచ్చే మొదటి ఆదివారం మళ్లీ అడుగుతామని ఇద్దరం అనుకున్నాం.